ఎవరికీ చెప్పని ప్యాకేజీకి అన్ని డౌన్‌లోడ్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. తెలుగు అంకెలు, తేదీలు మార్చే ఒక చిన్న పైథాన్ లైబ్రరీని పైపీఐలో (పైథాన్ ప్యాకేజీలు అందరికీ ఇచ్చే సైటు) పెట్టారు. గిట్‌హబ్‌లో నాలుగు స్టార్లు, అవీ స్నేహితులవే. ఎక్కడా ప్రచారం చేయలేదు. అయినా మొదటి రోజే వందల్లో డౌన్‌లోడ్లు, అందులో ఎక్కువ భాగం అమెరికా నుంచి. తర్వాత తగ్గాయి. కొత్త వెర్షన్ వేసిన ప్రతిసారీ మళ్లీ లేచాయి. పోయిన నెలలో ఒక మంగళవారం మాత్రం ఉన్నట్టుండి వేలకు వెళ్లి, రెండు రోజుల్లో మామూలుకు వచ్చాయి. ఎవరైనా హ్యాక్ చేశారా, లేక నిజంగా వాడుతున్నారా, రెజ్యూమెలో రాసుకోవచ్చా అని అడిగారు.

ముందు హ్యాక్ సంగతి. డౌన్‌లోడ్లు పెరిగినంత మాత్రాన హ్యాక్ అయినట్టు కాదు. మీ అకౌంట్ ఎవరి చేతికైనా చిక్కి ఉంటే, మీరు వేయని వెర్షన్ ఒకటి రిలీజ్ హిస్టరీలో కనిపిస్తుంది. ఒకసారి అక్కడ చూడండి, వాడకంలో లేని ఏపీఐ టోకెన్లుంటే (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రాములు వాడే తాళాలు) తీసేయండి. 2024 జనవరి 1 నుంచి పైపీఐలో అందరికీ టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తోపాటు రెండో గుర్తింపు) తప్పనిసరి కాబట్టి పాస్‌వర్డ్ ఒక్కటీ దొరికినంతలో ఎవరూ లోపలికి రాలేరు. రిలీజ్‌లన్నీ మీరు వేసినవే అయితే ఆ టెన్షన్ వదిలేయండి.

ఇక అసలు విషయం. ఈ సైట్లలో డౌన్‌లోడ్ అంటే సర్వర్ ఒక ఫైలును ఎవరికో ఒకరికి ఇచ్చింది అని మాత్రమే. ఇన్‌స్టాల్ అయిందా, ఒక్కసారైనా నడిపారా, అడిగింది మనిషా మెషీనా అన్నది ఆ అంకెలో ఉండదు. టోల్‌గేటు దాటిన బండ్లను లెక్కపెట్టి ఊరి జనాభా చెప్పడం లాంటిది. జావాస్క్రిప్ట్ ప్యాకేజీల సైటు ఎన్‌పీఎం వాళ్లు 2014లోనే ఈ సంగతి విడమరిచి రాశారు: ప్యాకేజీ టార్‌బాల్ (ప్యాకేజీ మొత్తాన్ని మూటగట్టిన ఫైలు) కోసం వచ్చి, సరిగ్గా జవాబు అందుకున్న ప్రతి రిక్వెస్టూ వాళ్ల లెక్కలో ఒక డౌన్‌లోడ్. బిల్డ్ సర్వర్లు (కోడ్‌ను వాటంతట అవే కట్టి పరీక్షించే మెషీన్లు), మిర్రర్లు (సైటు ఫైళ్లకు నకళ్లు ఉంచేవి), రోబోలు అన్నీ అందులోకే వస్తాయి. ఎవరూ వాడని ప్యాకేజీకి కూడా రోజుకు 50 దాకా ఇలా రాలుతూనే ఉంటాయని అప్పట్లోనే చెప్పారు. అప్పటికి ఇప్పుడున్నన్ని సెక్యూరిటీ స్కానర్లు లేవు.

పైపీఐ కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 2013లో ఫైళ్లను సీడీఎన్ (ఫైళ్ల నకళ్లను చాలాచోట్ల నుంచి అందించే సర్వర్ల వల) ద్వారా ఇవ్వడం మొదలుపెట్టాక పాత పద్ధతి లెక్కలు నమ్మదగ్గవిగా లేకుండా పోయాయి. 2018లో వచ్చిన కొత్త సైటులో ప్యాకేజీ పేజీ మీద డౌన్‌లోడ్ అంకె చూపించడమే లేదు. ఇప్పటికీ ప్రోగ్రాములు చదువుకోవడానికి ఇచ్చే జేసన్ ఏపీఐలో రోజు, వారం, నెల డౌన్‌లోడ్ల చోట మూడింటికీ -1 అని ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి బగ్ అనుకుంటారు. కావాలనే అలా వదిలేశారు. నా దృష్టిలో మంచి పని చేశారు. పేజీ మీద పెద్ద అక్షరాలతో అంకె కనిపిస్తే జనం దాన్ని నాణ్యతకు గుర్తుగా తీసుకుంటారు, దాన్ని పెంచుకోవడానికి అడ్డదారులూ వెతుకుతారు. ముడి లాగ్ మాత్రం గూగుల్ వాళ్ల డేటాబేస్ సేవ బిగ్‌క్వెరీలో బహిరంగంగా ఉంది, మీరు చూస్తున్న గ్రాఫ్‌లన్నీ అక్కడి నుంచి పుట్టినవే.

మొదటి రోజు వచ్చిన ఆ వందల మంది ఎవరు? పైపీఐలో కొత్త ప్యాకేజీ పడగానే ఆర్ఎస్ఎస్ ఫీడ్‌లో పేరు వస్తుంది. ఏది ఎప్పుడు మారిందో వరుస నంబరుతో చెప్పే చేంజ్‌లాగ్ కూడా ఉంది. బ్యాండర్‌స్నాచ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో పూర్తి మిర్రర్లు నడిపే యూనివర్సిటీలు, కంపెనీలు ఆ వరుసను పట్టుకుని మీ ఫైలును తెచ్చుకుంటాయి. మాల్‌వేర్ వెతికే సెక్యూరిటీ సంస్థలు కొత్తగా వచ్చిన ప్రతి ప్యాకేజీనీ తెరిచి చూస్తాయి. పరిశోధకులు, కోడ్ ఆర్కైవ్‌లు, లైసెన్స్ తనిఖీ చేసే సేవలు, ఈ మధ్య ఏఐ మోడల్స్ కోసం కోడ్ పోగుచేసేవాళ్లు కూడా ఉన్నారు. వీళ్లలో చాలామంది మెషీన్లు అమెరికాలోని క్లౌడ్ డేటా సెంటర్లలో ఉంటాయి. అందుకే తెలుగు తేదీల లైబ్రరీకి అమెరికాలో అంత గిరాకీ కనిపిస్తోంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఎగబడ్డారని సంతోషపడకండి. కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా ఇదే దండు మళ్లీ వచ్చి కొత్త ఫైలు పట్టుకుపోతుంది, మీ గ్రాఫ్‌లో కనిపించే చిన్న చిన్న శిఖరాలు అవే.

ఇలాంటి రద్దీ ఎంత ఉంటుందో తెలుసుకోవడానికి ఒక చక్కటి పద్ధతి ఉంది. 2024లో ల్యాసో సెక్యూరిటీకి చెందిన బార్ లాన్యాడో అనే పరిశోధకుడు, ఏఐ చాట్‌బాట్లు లేని ప్యాకేజీ పేర్లను ఊహించి చెబుతున్నాయని గమనించాడు. అలా అవి పదేపదే చెప్పిన 'హగ్గింగ్‌ఫేస్-సీఎల్ఐ' అనే పేరుతో ఒక ఖాళీ ప్యాకేజీ పెట్టాడు. మూడు నెలల్లో 30,000కు పైగా డౌన్‌లోడ్లు వచ్చాయి. స్కానర్లే ఇన్నిసార్లు తీసుకున్నాయేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది కదా, అందుకని పక్కనే అర్థం పర్థం లేని పేరుతో ఇంకో ఖాళీ ప్యాకేజీ కూడా పెట్టి రెండింటినీ పోల్చాడు. పిచ్చి పేరుకు వచ్చినవి మెషీన్లవి, దానికి మించి వచ్చినవి నిజంగా ఎవరో ఆ పేరు టైప్ చేసినవి. ఇది చదివి మీరు పైపీఐలో చెత్త ప్యాకేజీలు పెట్టనక్కర్లేదు. మీతోపాటు అదే వారంలో వచ్చిన, ఎవరికీ పట్టని నాలుగైదు ప్యాకేజీల మొదటి వారం లెక్కలు తీసి మీ దాని పక్కన పెట్టుకోండి. తేడా లేకపోతే మీ తొలి రోజు సంబరం ఏమిటో తేలిపోతుంది.

మొత్తం అంకె కంటే అది ఎలా చీలిందన్నదే విషయం చెబుతుంది. ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి.

మొట్టమొదట ఇన్‌స్టాలర్ ఏదో చూడండి. పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే మామూలు పనిముట్టు పిప్. అది ఫైలు అడిగేటప్పుడు తన వెర్షన్, పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టం లాంటి వివరాలు యూజర్ ఏజెంట్‌లో (రిక్వెస్టుతోపాటు వెళ్లే పరిచయ వాక్యం) పంపుతుంది. అలాంటి పనిముట్లే అయిన యూవీ, పొయెట్రీ కూడా తమ పేరు చెప్పుకుంటాయి. బ్యాండర్‌స్నాచ్, నెక్సస్, ఆర్టిఫ్యాక్టరీ, బ్రౌజర్, పైథాన్ రిక్వెస్ట్స్ అని కనిపిస్తే అవి మిర్రర్లో, ప్రాక్సీలో (కంపెనీ లోపల ఫైళ్లను దాచి ఇచ్చే మధ్యవర్తి సర్వర్లు), ఎవరో రాసిన స్క్రిప్టులో. డౌన్‌లోడ్ల గ్రాఫ్‌లు చూపే పైపీఐస్టాట్స్ సైటులో మిర్రర్లతో, మిర్రర్లు లేకుండా అని రెండు గీతలు ఉంటాయి. మీరు చెప్పిన అంకె ఏ గీతదో ముందు సరిచూసుకోండి. అదే సైటులో సిస్టంవారీ గ్రాఫ్‌లో 'నల్' అనే గీత పెద్దగా ఉంటే, తమ గురించి ఏమీ చెప్పని క్లయింట్లు ఎక్కువగా వచ్చాయని.

తర్వాత వెర్షన్లు. మనుషులు, వాళ్ల బిల్డ్‌లు ఎక్కువగా తాజా వెర్షన్ తీసుకుంటారు. లేదంటే ఎవరో ఎప్పుడో బిగించిపెట్టుకున్న ఒక పాత వెర్షన్ తీసుకుంటారు. మొదటి వెర్షన్ నుంచి చివరిదాకా అన్నింటికీ ఒకే రోజు దాదాపు సమానంగా వచ్చాయంటే, ఎవరో మొత్తం ప్యాకేజీని కాపీ చేసుకున్నట్టే. ఫైళ్ల విషయంలోనూ ఇదే తర్కం. మామూలు పిప్ ఇన్‌స్టాల్ వీల్ ఫైలునే (ముందే కట్టి సిద్ధంగా ఉంచిన ప్యాకేజీ) తీసుకుంటుంది, సోర్స్ ఫైలు జోలికి పోదు. వీల్‌కు, సోర్స్‌కు లెక్క సమానంగా ఉంటే అది మిర్రరో స్కానరో. ఈ ఒక్క పరీక్షతో సగం గుట్టు బయటపడుతుంది, ఎందుకో చాలామంది దీన్ని చూడనే చూడరు.

వారాల లయ కూడా గమనించండి. పనిలో వాడే లైబ్రరీకి శని, ఆదివారాల్లో గీత కిందికి దిగుతుంది. డిసెంబర్ చివరి వారంలో బాగా పడిపోతుంది. మెషీన్లకు వీకెండ్ లేదు, వాటి గీత చదునుగా పోతుంది. రోజు లెక్క యూటీసీ ప్రకారం కాబట్టి మనకు తెల్లవారుజామున అయిదున్నరకు తేదీ మారుతుందని గుర్తుంచుకోండి.

లాగ్‌లో సీఐ (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్ సర్వర్ మీద టెస్టులు నడిపే ఏర్పాటు) అనే ఒక ఫీల్డ్ ఉంది. బిల్డ్ సర్వర్ మీద నడుస్తున్నట్టు గుర్తులు కనిపిస్తే పిప్ అందులో నిజం అని పంపుతుంది. గుర్తులు లేకపోతే అబద్ధం అని పంపదు, ఖాళీగా వదిలేస్తుంది, ఎందుకంటే కాదని తేల్చి చెప్పే దారి దానికి లేదు. కాబట్టి ఖాళీలన్నీ మనుషులే అని లెక్క వేసుకోవద్దు.

ఇవన్నీ చూడటానికి బిగ్‌క్వెరీలో నెలకు ఒక టెరాబైట్ దాకా ఉచితంగా ప్రశ్నలు వేయవచ్చు. తేదీ షరతు పెట్టకుండా మాత్రం క్వెరీ నడపకండి, ఆ పట్టిక చాలా పెద్దది, ఒక్క దెబ్బకు ఉచిత కోటా అయిపోతుంది. అదంతా ఎందుకనుకుంటే క్లిక్‌పై అనే సైటులో వెర్షన్, దేశం, ఇన్‌స్టాలర్ వారీగా తయారు గ్రాఫ్‌లు ఉన్నాయి. పైపీఐస్టాట్స్ 180 రోజులే ఉంచుతుంది, ఆ మంగళవారం లెక్క కావాలంటే ఆలస్యం చేయకండి.

ఇప్పుడు ఆ మంగళవారం దగ్గరకు వద్దాం. నాకు తెలిసిన కారణాల్లో మొదటి అనుమానం ఎవరిదో సీఐ మీద. గిట్‌హబ్ యాక్షన్స్ లాంటి చోట ప్రతి జాబ్‌కూ కొత్త వర్చువల్ మెషీన్ పుడుతుంది, క్యాష్ విడిగా పెట్టుకోకపోతే ప్రతిసారీ అన్నీ మళ్లీ డౌన్‌లోడ్ అవుతాయి. ఒక ప్రాజెక్టు మూడు ఆపరేటింగ్ సిస్టంల మీద, అయిదు పైథాన్ వెర్షన్లతో టెస్టులు నడుపుతోందనుకోండి. ఒక్క పుష్‌కు (కోడ్ మార్పు ఒకసారి పంపితే) 15 డౌన్‌లోడ్లు. చురుగ్గా పనిచేసే టీం రోజుకు 20 పుష్‌లు చేస్తే 300. అంతకంటే పెద్ద ప్రాజెక్టులో మీ లైబ్రరీని ఎవరో పరీక్షగా చేర్చి, రెండు రోజుల తర్వాత తీసేసినా మీ గ్రాఫ్ ఇలాగే ఉంటుంది. డాకర్ ఇమేజీలు (ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి కట్టిన మూటలు) కట్టేవాళ్లు సైజు తగ్గించడానికి పిప్ క్యాష్‌ను ఆపేస్తారు, దాంతో లెక్క ఇంకా ఉబ్బుతుంది.

రెండోది పిప్ రిజాల్వర్, అంటే ఏ వెర్షన్లు ఒకదానితో ఒకటి పొసగుతాయో తేల్చే భాగం. 2020 చివర్లో వచ్చిన 20.3 వెర్షన్ నుంచి పిప్, డిపెండెన్సీలు (ఒక ప్యాకేజీ నడవడానికి కావలసిన వేరే ప్యాకేజీలు) పొసగకపోతే వెనక్కి నడుస్తూ పాత వెర్షన్లను ఒక్కొక్కటీ తెచ్చి చూస్తుంది. ఏ వెర్షన్‌కు ఏం కావాలో తెలియాలంటే అప్పట్లో వీల్ మొత్తం డౌన్‌లోడ్ చేయక తప్పేది కాదు. ఒక్క ఇన్‌స్టాల్ ప్రయత్నంలో ఒకే లైబ్రరీ పాత వెర్షన్లు డజన్ల కొద్దీ దిగడం నేను కళ్లారా చూశాను. దాదాపు ప్రతి పనిరోజూ కొత్త వెర్షన్ వేసే అమెజాన్ క్లౌడ్ లైబ్రరీ బోటోకోర్ లాంటి వాటితో ఇది మరీ ఎక్కువ. 2023 నుంచి పైపీఐ ఆ వివరాలను చిన్న విడి ఫైలుగా ఇస్తోంది, కొత్త పిప్ దాన్ని చదివి సరిపెట్టుకుంటుంది. పాత పిప్ ఉన్న ఇమేజీలు మాత్రం లోకంలో ఇంకా చాలా ఉన్నాయి. మీరు ఏదైనా డిపెండెన్సీని ఒకే ఒక్క వెర్షన్‌కు గట్టిగా బిగించి ఉంటే దీనికి మీరే ఊతం ఇచ్చినట్టు, ఆ పట్టు కాస్త సడలించండి.

మూడోది క్లాసు. ఏదో కాలేజీ వర్క్‌షాపులోనో ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో మీ లైబ్రరీతో ఒక కోల్యాబ్ (గూగుల్ మెషీన్ల మీద బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సేవ) నోట్‌బుక్ చేసి ఉండవచ్చు. కోల్యాబ్‌లో సెషన్ పోయి కొత్త మెషీన్ వస్తే ఇన్‌స్టాల్ చేసినవన్నీ పోతాయి, నోట్‌బుక్ మొదటి వరుస మళ్లీ నడపాలి, మళ్లీ ఒక డౌన్‌లోడ్. గుంటూరులో కూర్చున్న విద్యార్థి లెక్క గూగుల్ మెషీన్ ఏ దేశంలో ఉంటే ఆ దేశం ఖాతాలో పడుతుంది. తెలుగు తేదీల లైబ్రరీకి ఇది జరగడం నాకైతే నమ్మదగ్గదిగానే అనిపిస్తోంది. లినక్స్, తాజా వెర్షన్, వీల్ ఫైలు మాత్రమే, సీఐ ఖాళీ, ఒకే పైథాన్ వెర్షన్, అదీ కొన్ని గంటల్లోనే గుంపుగా వచ్చాయంటే క్లాసు అనుకోవచ్చు.

నాలుగోది పేరు. ఇది అన్నిటికన్నా విచిత్రమైనది. ఎన్‌పీఎంలో ఒక్క హైఫన్ గుర్తే (-) పేరుగా ఉన్న ప్యాకేజీ ఒకటుంది. 2020లో పెట్టారు, లోపల చెప్పుకోదగ్గ కోడ్ ఏమీ లేదు. 2021 ఆగస్టు నాటికి 7 లక్షల డౌన్‌లోడ్లు దాటింది. కమాండ్ కొట్టేటప్పుడు హైఫన్‌కు, తర్వాతి అక్షరానికి మధ్య పొరపాటున స్పేస్ పడితే ఎన్‌పీఎం ఆ హైఫన్‌నే ప్యాకేజీ పేరనుకుంటుంది. అలా జనం తెలియకుండా తెచ్చుకున్నారన్నది అప్పట్లో వినిపించిన వివరణ, కొన్ని ప్యాకేజీల డిపెండెన్సీ జాబితాల్లోకి కూడా అది ఎక్కి కూర్చుంది. పైథాన్‌లోనూ ఉదాహరణ ఉంది. ఒక మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ అసలు పేరు సైకిట్-లెర్న్, కోడ్‌లో ఇంపోర్ట్ చేసేది మాత్రం ఎస్‌కేలెర్న్ అని. ఆ పొట్టి పేరుతో ఉన్న ఉత్తుత్తి ప్యాకేజీని ఎంతమంది ఇన్‌స్టాల్ చేసేవారంటే, దాన్ని ఆపడానికి 2022 డిసెంబర్‌లో కొద్దికొద్దిసేపు ఎర్రర్ చూపించడం మొదలుపెట్టి, 2023 డిసెంబర్ 1 నుంచి పూర్తిగా ఎర్రరే వచ్చేట్టు చేయాల్సి వచ్చింది.

మీ ప్యాకేజీ పేరు మామూలు పదమైతే ఇంకో కోణం చూడాలి. ఏదైనా కంపెనీ లోపల అదే పేరుతో సొంత ప్యాకేజీ ఉంటే, సెట్టింగ్ తప్పిన వాళ్ల బిల్డ్ సర్వర్లు మీ దాన్ని పట్టుకుపోతాయి. 2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు ఈ దారిలోనే ఆపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ సహా 35కు పైగా సంస్థల లోపలి మెషీన్లలో తన కోడ్ నడిచిందని చూపించి లక్ష డాలర్లకు పైగా బహుమతులు అందుకున్నాడు. సీఐ నిజం అని, ఒకే దేశం నుంచి, ఒకే పాత పిప్ వెర్షన్‌తో వేలల్లో వచ్చాయంటే నేను దీన్నే అనుమానిస్తాను. అందులో మీ తప్పేమీ లేదు.

ఎవరైనా కావాలని పెంచారా అంటే, సాంకేతికంగా చాలా తేలిక. ఫైలు అడ్రస్‌ను లూపులో పెట్టి అడిగితే చాలు. కానీ నాలుగు స్టార్ల లైబ్రరీకి వేరేవాళ్లు ఆ పని చేసి పెట్టడానికి కారణం కనపడదు.

ఎక్కువ లెక్కల గురించే ఇంతసేపూ మాట్లాడాం, తక్కువగా పడే లెక్కలూ ఉన్నాయి. హైటెక్ సిటీలో వేల మంది డెవలపర్లున్న కంపెనీ లోపల ప్రాక్సీ పెట్టుకుంటే, మీ ఫైలు ఒక్కసారి లోపలికి వచ్చాక మిగతా వాళ్లంతా అక్కడి నుంచే తీసుకుంటారు. పైపీఐ దృష్టిలో అది ఒక్క డౌన్‌లోడ్. చైనాలో త్సింగ్‌హువా యూనివర్సిటీ మిర్రర్ నుంచి తీసుకున్నవాళ్లు మీ లెక్కలోకి రానే రారు. ఒకే ల్యాప్‌టాప్‌లో పది ఎన్విరాన్‌మెంట్లు చేసుకున్నా పిప్ క్యాష్ వల్ల ఒక్కటే పడుతుంది.

వేరే చోట్ల కూడా పెట్టే ఆలోచన ఉంటే రెండు మాటలు. గిట్‌హబ్ రిలీజ్‌లలో మీరు ఎక్కించిన ఫైళ్లకే లెక్క ఉంటుంది, అది తనంతట తాను తయారుచేసే సోర్స్ జిప్‌కు ఉండదు. ఫైలు తీసి మళ్లీ ఎక్కిస్తే సున్నా నుంచి మొదలు. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లకు ప్రతి అప్‌డేట్‌కూ డౌన్‌లోడ్లు ఎగబాకుతాయి కాబట్టి, అక్కడ యాక్టివ్ ఇన్‌స్టాల్స్ అనే రౌండ్ చేసిన అంకెను చూపిస్తారు. డెబియన్ లినక్స్ వాళ్ల లెక్క, పాప్‌కాన్ పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఇష్టపడి ఒప్పుకున్నవాళ్ల మెషీన్ల నుంచే లెక్క తీసుకుంటుంది, ప్యాకేజీ ఉన్నవాళ్లు, ఈమధ్య నిజంగా వాడినవాళ్లు అని విడదీసి చూపిస్తుంది.

రెజ్యూమెలో మొత్తం డౌన్‌లోడ్ల అంకె రాయకండి. ఇంటర్వ్యూలో నాలాంటివాడు ఎదురైతే మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు, మీరు ఇరుక్కుంటారు. ఎవరో మీకు తెలియనివాళ్లు ఇష్యూ తెరిచి బగ్ చెప్పారా, పుల్ రిక్వెస్ట్ (మీ కోడ్‌కు మార్పు ప్రతిపాదన) పంపారా, మీ లైబ్రరీని వాడుతున్న రిపోలు గిట్‌హబ్ డిపెండెన్సీ గ్రాఫ్‌లో ఏమైనా కనిపిస్తున్నాయా, అవి రాయండి. ఒక్క అపరిచితుడి బగ్ రిపోర్ట్ ముందు ఈ వేల అంకెలు నాకు ఆనవు. తప్పనిసరిగా అంకె కావాలంటే మిర్రర్లు తీసేసి, సీఐ తీసేసి, రిలీజ్ వారాలు కాకుండా మామూలు వారాల్లో వచ్చిన సగటు రాసి, ఎలా లెక్కవేశారో పక్కన చెప్పండి.

ఆ మంగళవారం, దాని ముందు రోజు, తర్వాతి రోజు, ఈ మూడు రోజులకు వెర్షన్, ఫైలు రకం, ఇన్‌స్టాలర్, పైథాన్ వెర్షన్, సీఐ, దేశం వారీగా లెక్క తీసి ఇక్కడే కింద పెట్టండి. గంటలవారీగా దొరికితే ఇంకా మంచిది. ప్యాకేజీ పేరు కూడా చెప్పండి, దానికి దగ్గరగా వినిపించే వేరే పేర్లు ఉన్నాయేమో చూస్తాను.